వావిలాకు లేని మూట

విత్తనాల మూటలో వావిలాకు వేయడం మా ఇంటి పద్ధతి. పురుగు పట్టదని ఒకటి, తిండి వడ్లతో కలిసిపోకుండా గుర్తుగా ఉంటుందని ఇంకొకటి. ఆకున్న మూటను ఎవరూ ముట్టుకోరు. మొన్న వేసవిలో అమ్మ విత్తనాలను ఎండబెట్టి, పాత ఆకు దులిపేసి, కొత్త ఆకు రేపు వేద్దాంలే అని మూట కట్టింది. తెల్లారగానే తమ్ముడు దాన్ని మిల్లుకు వేసుకుపోయాడు.

సంగతి తెలిసి నేను ఐరాలలోని మిల్లుకు పరుగెత్తేసరికే అంతా ఆడేశారు. ఎర్రబియ్యం సంచిలో ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"ఆకు లేకపాయె, తినేటివే అనుకున్నా అన్నా" అన్నాడు తమ్ముడు.

ఆ వడ్లకు పేరంటూ లేదు. ఒక ఏడు గాలివానకు వరి పైరంతా పడిపోతే, మడి మూలలో కొన్ని దుబ్బులు మాత్రం నిలబడే ఉన్నాయట. మా నాయన వాటి కంకులను వేరుగా కోసి, మరుసటి ఏడు వేరుగా నాటాడు. ఏటేటా బాగున్నవాటినే ఏరుకుంటూ పోయాడు. ఆ బియ్యపు నూక పడితే రాగిసంగటి ముద్ద చేతికి అంటుకోదు. రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకుని, ఎర్రగడ్డ కొరుక్కుంటూ పొద్దున్నే తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఊసుండదు. దోసెకు మాత్రం మొండికేస్తుంది, పెనం వదలదు. అమ్మ మినప్పప్పు కాస్త ఎక్కువేసి దారికి తెస్తుంది. నాయన పోయాక ఆయన చేతిపనిగా మాకు మిగిలింది ఆ వడ్లే.

అన్నం తినకుండానే బండి తీశాను. నాయన దగ్గర విత్తనం పట్టుకుపోయిన వాళ్లను ఒక్కొక్కరినే గుర్తు చేసుకుంటూ తిరిగాను. కాణిపాకం పక్కన ఒక పెద్దాయన, "ఇంకా యాడుండాదబ్బా? మడంతా మామిడి పెట్టేసినాం గదా" అన్నాడు. పలమనేరులో నాయన స్నేహితుడు తన పొలం చూపించాడు. అంతా ఆవులకు వేసిన గడ్డి. కాఫీ తాగి పొమ్మన్నాడు గానీ నాకు కాలు నిలవలేదు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడవునా కోపమే. ముందు తమ్ముడి మీద, తర్వాత అమ్మ మీద, చివరికి ఇంకో మూట ఎక్కడైనా దాచిపెట్టి పోలేదని నాయన మీద.

ఇంటికొచ్చేసరికి పొద్దుగూకుతోంది. అమ్మ వసారాలో చేట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. ఆ బియ్యమే. నాకు ఒళ్లు మండిపోయింది.

"అప్పుడే వండేకి తొందరేమొచ్చిందమ్మా?"

అమ్మ తలెత్తలేదు. "వండేకి కాదు నాయనా. ఇట్లా కూసో."

ఎర్రతోలు నిలవాలని మా ఇంట్లో బియ్యం ఒక్కసారే ఆడిస్తాం. అందుకే పొట్టు ఊడని గింజలు అక్కడక్కడా మిగిలిపోతాయి. మామూలుగా వాటిని కోళ్లకు పడేస్తాం. ఇప్పుడవి అమ్మ పక్కన గిన్నెలో ఉన్నాయి, అడుగు కూడా నిండలేదు. తమ్ముడు ఇంకో చేట పట్టుకుని ఏరుతున్నాడు.

"మరలో పడి వచ్చినవి గదా, మొలుస్తాయా?" అన్నాను.

"ఏమో. ముందు ఏరు" అంది.

కూర్చుని సంచిలోంచి పళ్లెంలోకి పోసుకున్నాను. నాయన పోయిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది. గింజలు కనబడక, కళ్లు తుడుచుకుంటూ ఏరాను.