ఆఫీసరు గారి కోరలు

ముందే చెప్పేస్తాను, నేను పెంచి చెప్పే మనిషిని. పొద్దున మా పెరట్లో పిల్లి కనబడితే నేను ఆఫీసుకు చేరేసరికి అది చిరుతపులి అయ్యేది. టీ తాగి వచ్చేలోగా దానికి రెండు పిల్లలు కూడా పుట్టేవి. కాబట్టి ఈ రాసినదాంట్లో ఎంత తరుగు తీయాలో చదువరులే చూసుకోవాలి. సమీక్షల్లో మాత్రం ఏనాడూ పెంచలేదు. ఆ ఒక్కచోటే నాకు జీతం ఇచ్చేవారు.

కరోనాకు ముందు ఏడాది, ఏజెన్సీలో కాఫీ పళ్ళు కోసే రోజుల్లో, మా వారపత్రిక సంపాదకుడు నన్ను సీలేరు దారిలో ఒక కొండపల్లెకు పంపారు. నా హోదా బొమ్మల కథల సమీక్షకుడు. మా విశాఖపట్నం ఆఫీసులో అది గళ్ళనుడికట్టు కూర్చే ఆయనకు కింద, వారఫలాలు రాసే ఆయనకు ఇంకా కింద. తర్వాత ఆ పత్రిక నాకన్నా ముందే రిటైరైపోయింది. నడివయసులోనే నేను విశ్రాంత ఉద్యోగిని అయింది అందుకే.

సమీక్షించవలసిన పుస్తకం ఎస్తేరు అనే టీచరమ్మ రాసి, తనే గీసినది. వాళ్ళ మామ్మ పుట్టిన పల్లె ఒక జలాశయం కింద మునిగిపోయిన కథ. ఆ పల్లె జనం తరలివచ్చి స్థిరపడ్డ చోటే ఈ కొండపల్లె. మొదటి భాగాన్ని ఒక చిన్న ప్రచురణకర్త వేశాడు. మా పత్రికలో మంచి మాట పడితేనే రెండో భాగం, లేకపోతే లేదని ఆమె మొహం మీదే చెప్పాడు. పల్లె ఖాళీ అయ్యే ఘట్టమంతా రెండో భాగంలో ఉంది. అంటే ఆ మామ్మ ఊరు మునుగుతుందో, మధ్యలోనే నిలిచిపోతుందో నా కలం మీద ఆధారపడింది.

ఏ పుస్తకాన్నయినా మూడుసార్లు చదవడం నా పద్ధతి. మొదట మామూలు పాఠకుడిలా. రెండోసారి మాటల బుడగలను చేత్తో మూసి, బొమ్మలు మాత్రమే. మూడోసారి బొమ్మలు మూసి, మాటలు మాత్రమే. మూసేసినా లోటు తెలియకపోతే ఆ మూసిన భాగం దండగ. ఎస్తేరు పుస్తకంలో దండగ దాదాపు లేదు. కాగితాన్ని తెల్లగా వదిలేసి పొగమంచును చూపింది. వలిసె పూల చేనును నల్లసిరాతో గీస్తే నాకు పసుపుపచ్చగా కనబడింది. అనుమానం వచ్చి కళ్ళజోడు కూడా మార్పించుకున్నాను.

తప్పులు రెండు దొరికాయి. నడుమ కొన్ని పేజీల్లో ఒక్క మాట లేదు. ఊరు, పొయ్యి, ఏరు, అంతే. "ఇక్కడ రచయిత్రి అలసిపోయింది" అని చిత్తుప్రతిలో రాశాను. రెండోది, ఊరిని ఖాళీ చేయించడానికి వచ్చిన సర్వే ఆఫీసరుకు ఆమె పెట్టిన కోరలు. అసలు కోరలే, పెదవి దిగి గడ్డం దాకా వచ్చినవి.

సమీక్షకుడు రచయితను కలవకూడదని మా వృత్తిలో ఒక నియమం. సమీక్షతోపాటు ఇంటర్వ్యూ కూడా కావాలని సంపాదకుడు పట్టుబట్టడంతో అది ఘాట్ రోడ్డులోనే జారిపోయింది. ఆ మలుపుల్లో మా బస్సు తన వెనక నంబరు ప్లేటును తనే చదువుకుంది. ఎవరిదో మేక నా ఒళ్ళో కూర్చుంది. కండక్టరు దానికి టికెట్టు కొట్టలేదు, నాకు కొట్టాడు. దిగగానే ఆ మేక దున్నపోతంత ఉందని ఎస్తేరుకు చెప్పాను. ఆమె నమ్మినట్టు తలూపింది.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక జనం ఇళ్ళకు వెళ్ళలేదు. ఆవరణలో చాపలు పరిచి, పుస్తకాన్ని మధ్యలో పెట్టి, చుట్టూ కూర్చున్నారు. అక్కడ పుస్తకాన్ని ఒక్కరే చదువుకోవడం ఎరగరు. సంఘపెద్ద వాక్యం చదివే గొంతుతోనే మాటల బుడగలు చదువుతున్నాడు. మిగతావాళ్ళు బొమ్మల మీద వేలు పెట్టి ఇది ఫలానా వాళ్ళ గట్టు, అది ఫలానా వాళ్ళ చింతచెట్టు అంటున్నారు. మాటల్లేని పేజీలు వచ్చేసరికి సంఘపెద్ద ఆగిపోయాడు. అప్పుడు మొదలయ్యారు మిగతావాళ్ళు. ముసలివాళ్ళంతా ఒక్కసారే మాట్లాడారు, ఆ పొయ్యి ఎవరిదో, ఆ ఏట్లో ఏ చేప దొరికేదో. ఆ గోల కొండ అవతల ఒడిశా దాకా వినబడి ఉంటుంది. రచయిత్రి అలసిపోలేదు, జనానికి చోటు వదిలింది. నా చిత్తుప్రతిలో ఆ వాక్యం అక్కడికక్కడే కొట్టేశాను.

తర్వాత కోరల పేజీ. పిల్లలు పకపకా నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వి టీ గ్లాసులు అందుకున్నారు. ఊరు ముంచే మనిషి వస్తే ఒక్కరూ భయపడలేదు. ఆ మాటే ఎస్తేరుతో అన్నాను.

"మీ మేక దున్నపోతు అవ్వొచ్చు గానీ, నా ఆఫీసరుకి రెండు పళ్ళు పెరగకూడదా సార్?" అంది.

ఉన్నదాన్ని సాగదీస్తే జనం నవ్వుతూనే నమ్ముతారని, లేనిదాన్ని తెచ్చి అతికిస్తే నవ్వి ఊరుకుంటారని ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఆమె మొహం చూస్తే సగం కూడా ఒప్పుకున్నట్టు లేదు. అప్పటిదాకా పేజీని ముక్కుకు ఆనించి చూస్తున్న ఎస్తేరు మామ్మ తలెత్తింది.

"కోరలేటి బాబూ? ఆయన మా అరుగు మీద కూకుని అంబలి తాగినాడు. నాను అప్పటికి సిన్న గుంటని. నా పేరడిగి, రిబ్బను ఇచ్చినాడు. మంచోడే. మంచోడనే కదా మా అయ్య బేగి ఏలిముద్ర ఏసేసినాడు. కోరలుంటే ఏసుండునా?"

అందుకున్న టీ గ్లాసులు చాపల మీదికి దిగాయి. ఎస్తేరు మామ్మ వైపు తిరిగింది. ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేమని అడిగితే, నువ్వెప్పుడు అడిగినావే అంది ముసలామె.

నేను బస్సెక్కబోతుంటే ఎస్తేరు వచ్చింది. కోరల సంగతి వదిలేస్తే పుస్తకం గట్టెక్కుతుందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"రాసేయండి సార్," అంది. "మెత్తగా మాత్రం రాయకండి."

అలాగే రాశాను. పొగమంచును, వలిసె చేనును, ఆ మాటల్లేని పేజీలను మనసారా మెచ్చుకున్నాను. కోరలు పుస్తకంలోకెల్లా పెద్ద తప్పని, అవి భయాన్ని చంపేశాయని ఒక పేరా పెట్టాను. ప్రచురణకర్త ఫోన్ చేసి అరిచిన అరుపుకు ఫోను ఆనించని నా రెండో చెవి కూడా ఊగింది. కొన్నాళ్ళకు అతనే మళ్ళీ చేశాడు. తప్పును తప్పన్నవాడి మెప్పు నిజమే అయి ఉంటుందని జనం పుస్తకం అడుగుతున్నారట. రెండో భాగం వేశాడు.

అందులో ఆఫీసరుకు కోరలు లేవు. అరుగు మీద కూర్చుని అంబలి తాగుతున్నాడు, పాపకు రిబ్బను ఇస్తున్నాడు. తండ్రి బొటనవేలు కాగితం మీదికి దిగుతున్న గడిలో ఒక్క మాట లేదు. ఆ పేజీ తిప్పడానికి నాకు చెయ్యి రాలేదు. చివర కృతజ్ఞతల పేజీలో నా బొమ్మ కూడా వేసింది. కోరమీసం మెలేస్తూ బస్సు దిగుతున్న ఆజానుబాహువు.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది కొంచెమే. బొమ్మల పుస్తకం మీద తీర్పు చెప్పేముందు దాన్ని ఎవరి కోసం గీశారో వాళ్ళు చదువుతుంటే చూడాలి. చూశాక తప్పు ఇంకా తప్పుగానే కనబడితే, దాన్ని మెప్పు కింద దాచకూడదు.

ఇక కల్పించిన ముక్క. మేక నిజం. బస్సు దాదాపు నిజం. కోరమీసం మాత్రం అబద్ధం, ఆజానుబాహువూ అబద్ధమే. ఆ బొమ్మలో ఉన్నది కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకుంటున్న ఒక బట్టతల మనిషి, అతని ఒళ్ళోంచి జాలిగా చూస్తున్న ఒక మేక. భూతద్దం పెట్టి వెతికాను. ఎస్తేరు ఎక్కడా ఒక్క గీత పెంచలేదు.