జ్వరం దాచిన మాత్ర

కరోనా రోజుల్లో మా పళ్ళ క్లినిక్‌లో ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య అరగంట ఖాళీ ఉంచేవాళ్ళం. పళ్ళు తొలిచే మిషను తిరిగినప్పుడు నోట్లోంచి గాల్లోకి లేచిన తుంపర్లు పోవాలని కిటికీలు బార్లా తెరిచి, కుర్చీ అంతా మందునీళ్ళతో తుడిచి, నేనూ డాక్టరమ్మా బయటకొచ్చి నిలబడేవాళ్ళం. ఆ అరగంట నాకు కలలా గడిచేది. ముఖం మీది షీల్డు నా ఊపిరికే మసకబారితే చోడవరం రోడ్డంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు కనపడేది. గోవాడ ఫ్యాక్టరీకి పోయే చెరకు ట్రాక్టర్ల చప్పుడు ఎక్కడో నిద్రలో విన్నట్టు వచ్చి పోయేది. వీపు మీద చెమట జారినప్పుడు మాత్రం తెలివొచ్చేది. ఛీ, ఒళ్ళంతా కప్పే ఈ పీపీఈ కిట్టు కనిపెట్టినవాడికి ఇదే తొడిగి ఒక్కపూట ఎండలో నిలబెట్టాలి అనుకునేదాన్ని.

గుమ్మం దగ్గర జ్వరం చూసే పని నాది. థర్మామీటరు నుదుటికి గురిపెట్టడం, అంకె చూడడం, జ్వరముంటే వెనక్కి పంపడం. అంతకుముందు పదిహేనేళ్ళూ వచ్చినవాళ్ళందరితో లొడలొడా వాగినదాన్నే. మాట్లాడితే తుంపర్లని అప్పుడు నోరు కట్టేసుకున్నాను. అంకె చెప్తోంది కదా, ఇంక మాటెందుకు?

ఒకరోజు దేవరాపల్లి వైపు నుంచి ఒక చెరకు రైతు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. కింది దవడ వాచిపోయింది. నుదురంతా చెమట. ఎండనపడి వచ్చాడు పాపం అనుకున్నాను. అంకె మామూలుగానే ఉంది. "జ్వరం లేదు కాబట్టి చీము ఇంకా పంటి దగ్గరే ఉన్నట్టుంది," అంది డాక్టరమ్మ. ప్రాణం మీదికొస్తే తప్ప నోట్లో చెయ్యి పెట్టొద్దన్న రోజులవి. మందులు రాసి, మూడు రోజులాగి రమ్మంది.

మర్నాడు పొద్దున్న నేను తాళం తీయడానికి వెళ్ళేసరికి ఆ ఇద్దరూ మెట్ల మీద ఉన్నారు. వాపు మెడలోకి దిగింది. అతనికి నోరు తెరుచుకోవడం లేదు, ఉమ్మి కూడా మింగుడుపడడం లేదు. డాక్టరమ్మ వచ్చి చూడగానే, "ఊపిరి ఆగిపోతుంది, ఇప్పుడే విశాఖ తీసుకుపోవాలి," అని అంబులెన్సుకి ఫోన్ చేసింది.

ఎదురుచూస్తుంటే అతని భార్య నా చెయ్యి పట్టుకుంది.

"నిన్న ఈయనకి ఒళ్ళు కాలిపోయిందమ్మా. ఇంటికాడే జొరం మాత్రలు రెండు మింగించి తీసుకొచ్చేను. జొరముంటే పంపించేస్తారని ఊర్లో అందరూ సెప్పేరు. అందరం అలాగే వస్తన్నాం."

చీము లోపలికి పాకుతోందని చెప్పడానికి వచ్చిన జ్వరం అది. దాన్ని మా గుమ్మానికి భయపడి ఆవిడ అణిచేసింది.

"మరి నాతో సెప్పొద్దేటి?" అని కసిరాను.

"నువ్వు అడగలేదు గదమ్మా. నుదుటికి అది ఎట్టీసి ఎల్లు, ఎల్లు అన్నావు."

విశాఖలో మెడ కింద కోసి చీము తీశారట, ఊపిరికి గొట్టం వేశారట. ఆ నాలుగు రోజులూ నేను నిద్రలో నడిచినట్టే తిరిగాను. కిటికీలు తెరిచానో లేదో గుర్తుండేది కాదు, వెళ్ళి మళ్ళీ చూసుకునేదాన్ని. అతనికేమన్నా అయితే ఆ పాపం నాదే అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

ఐదో రోజు గొట్టం తీసేశారు, గండం గడిచిందని కబురొచ్చింది. అదే పూట వడ్డాది నుంచి ఒక ముసలమ్మ చెంప పట్టుకుని వచ్చింది. థర్మామీటరు ఎత్తబోయి ఆగాను.

"మాత్రేటైనా ఏసుకున్నావా అమ్మమ్మా?"

ఆవిడ తల దించుకుంది. "రెండేసుకున్నాను తల్లీ. పంపించీకమ్మా."

"పంపన్లే, రా," అని కిటికీ పక్కన కూర్చోబెట్టి, డాక్టరమ్మను పిలిచాను.