నోట్లో ఉప్పురాయి, తల నిండా రింగులు

మా చిన్నతనాన ఆదివారం పొద్దున్నే ఇంటి వెనక స్నానాలు చేసే జాలారు బండ మీద, నోట్లో దొడ్డుప్పు రాయి పెట్టుకొని కూర్చునేవాళ్లం... నేను, మా యాదమ్మక్క. కుంకుడు రసం కళ్లలో పడితే మంట తెలియకూడదని ఆ ఉప్పు. మంట తగ్గేదో లేదో గానీ, ఉప్పు చప్పరిస్తూ ఏడుపు మరిచిపోయేవాళ్లం.

మాది ఎంకపల్లి. అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. అవ్వ ముందురోజే కుంకుడుకాయలు కొట్టి, నల్లటి గింజలు మాకు ఆటకిచ్చి, పెంకులు వేడినీళ్లలో నానేసేది. పొద్దున పిసికితే గిన్నె నిండా నురగే...

నాది సాపు జుట్టు, ఊరికే జిడ్డు పట్టేది. అక్కది రింగుల జుట్టు, ఎప్పుడూ పొడిపొడిగా ఉండేది. అవ్వ ఇద్దరికీ ఒకే గిన్నెలోది పోసేది కాదు. నాకు చిక్కటి రసం. అక్కకు నీళ్లు కలిపి పల్చగా చేసి, మందారాకు పిసికి ఆ జిగురు కలిపేది. అక్క తల తడిగా, జిగురుగా ఉండగానే వేళ్లతో కొసల నుంచి మెల్లగా చిక్కు తీసేది. ఆరిన తర్వాత దువ్వెన తాకనిచ్చేది కాదు.

నాకు కుళ్లు. "దానికి మందారాకు, నాకు ఉత్త కుంకుడా?" అని అడిగితే నెత్తిన ఒక మొట్టికాయ వేసేది.

"నీది జిడ్డు నెత్తి. నీక్కూడ గిది పోస్తే ఈగలొచ్చి వాలుతయ్. దాని నెత్తికి ఎప్పుడు దూపే, ఎంత తాగినా తీరది. ఎవరి నెత్తికి ఏం గావాల్నో అదే పోస్త."

నేను చదివింది నాలుగో తరగతి. రాతలో తప్పులుంటే సర్దుకొని చదవండి...

నా బిడ్డ స్వప్నకు మా అక్క జుట్టే వచ్చింది. నిరుడు జ్వరమని దవాఖానకు పోయింది... ఇంటికి రాలేదు. అంతకన్నా రాయడానికి నాకు చేతకాదు.

స్వప్న బిడ్డ అమ్ములు ఇప్పుడు మొయినాబాద్‌లో నా దగ్గరే ఉంటుంది. ఐదో తరగతి. దానికీ అవే రింగులు. అమ్మ పోయాక ఆ పిల్ల తల నా చేతికి వచ్చింది.

కుంకుడు నురగ చూసి పెరిగినదాన్ని కదా... నురగ ఎంత వస్తే తల అంత శుభ్రం అనుకున్నాను. బాగా నురగ వచ్చే షాంపూ చూసి తెచ్చాను. బడికి రెండు జడలు గట్టిగా రావాలని, ఆ తొందరలో అవ్వ పద్ధతి మరిచి, రోజూ పొడి జుట్టునే దువ్వాను. జుట్టు పీచులా అయింది. దువ్వెన నిండా వెంట్రుకలే. బడిలో పిల్లలు "నూడుల్స్" అని పిలుస్తున్నారట.

ఒకరోజు వచ్చి, "అమ్మమ్మ, నా జుట్టు సాపు చేపియ్యి. పార్లర్ల చేస్తరట" అని ఏడ్చింది. తల్లి లేని పిల్ల అడిగితే కాదనలేక తీసుకుపోయాను.

"ఒక్కసారి చేపిస్తే సిల్కు లెక్క అయితది ఆంటీ" అన్నది అక్కడి అమ్మాయి. పక్క కుర్చీలో ఒకామె తలకు ఏదో మందు రాసి ఇస్త్రీ చేస్తున్నారు. ఆ పొగకు మా ఇద్దరి కళ్లూ మండాయి.

అమ్ములు కళ్లు గట్టిగా మూసుకొని నా కొంగు పట్టుకున్నది. "అమ్మమ్మ, ఉప్పురాయి ఉన్నదా? మమ్మీ పెట్టేది."

స్వప్న కూడా పెట్టేదా... నా అవ్వ నాకు పెట్టింది, నేను స్వప్నకు పెట్టాను, స్వప్న దీనికి పెట్టింది. ఆ చేతులు పోషించిన జుట్టును నేను ఇస్త్రీ చేయిస్తానా?

"లే బిడ్డా, పోదాం."

"ఏమైంది ఆంటీ?"

"ఏం గాలే తల్లీ. దూపైన నెత్తికి నీళ్లియ్యాలె గని, నిప్పు పెడ్తమా?"

అక్కడి నుంచి నేరుగా మందుల షాపుకు పోయాం. నాకు ఇంగ్లీషు రాదు, అమ్ములుకు వచ్చు. ఒక్కో సీసా వెనక ఏం రాసి ఉందో చదివించాను. షాపాయన విసుక్కున్నాడు. "కొననీకి వచ్చినవా అమ్మ, బడికొచ్చినవా?"

"బడికే వచ్చినం. జర ఓపిక పట్టు నాయనా."

పొడి జుట్టుకు, రింగులకు అని రాసి ఉన్నది, నురగ తక్కువ వచ్చేది తీసుకున్నాం. పళ్లు దూరంగా ఉన్న దువ్వెన ఒకటి. ఇంటికి వచ్చి ముందు అమ్ములు మోచేతి లోపల కొంచెం రాసి చూశాను. దురద, మంట ఏమీ లేవు. అప్పుడే తలకు పెట్టాను. కుంకుడు మంచిది, సీసా చెడ్డది అనడం లేదు. ఆ తలకు ఏది పడుతుందో చూసుకోవాలి, అంతే.

ఆదివారం తలంటి, తడి మీదే మందారాకు జిగురు పట్టించి, వేళ్లతో చిక్కు తీశాను. తల ఆరేకొద్దీ ఒక్కో రింగు లేచి నిలబడింది. అమ్ములు అద్దంలో చూసుకొని ఒక రింగును వేలికి చుట్టుకున్నది. తర్వాత మెల్లగా, "మమ్మీ లెక్క ఉన్న" అన్నది.

నా కళ్లు ఆగలేదు. అది చూసి, "నీ కండ్లు మండుతున్నయా?" అంటూ వంటింట్లోకి ఉరికి, దొడ్డుప్పు రాయి తెచ్చి నా నోట్లో పెట్టింది. "ఉమ్మెయ్యకు అమ్మమ్మ. చప్పరియ్యి, తగ్గుతది."

సోమవారం బడిలో మళ్లీ "నూడుల్స్" అన్న పిల్లకు, "గిది మా మమ్మీ జుట్టు" అని చెప్పి వచ్చిందట.

పెద్దయ్యాక సాపు చేయించుకుంటానంటే దాని ఇష్టం. అప్పటిదాకా ఈ రింగులు నా చేతిలో పాడవవు. బతికినన్నాళ్లూ చూసుకుంటాను.

జాలారు బండ పోయి బాత్రూంలో ప్లాస్టిక్ పీట వచ్చింది... గిన్నె పోయి సీసా వచ్చింది... తలంటు పోసిన అవ్వ లేదు, పోయించుకున్న బిడ్డ లేదు. ఆ ఉప్పురాయి మాత్రం మా ఇంట్లో ఇంకా చేతులు మారుతున్నది.

మీ తలంటు రోజున కళ్లు మండితే ఎవరు ఏం పెట్టేవాళ్లు? రాయండి... అమ్ములు చేత చదివించుకుంటాను.