చొంగ ఆపే మందు

1961. బోగోలు అవతల, సముద్రానికి రెండు మైళ్ల దూరంలోని చిన్న డిస్పెన్సరీలో నేను కాంపౌండరును. డాక్టరు గారు వారానికి రెండు రోజులే వచ్చేవారు. మిగతా రోజుల్లో మందు కలిపేదీ, ఇచ్చేదీ, మాట పడేదీ నేనే. ఆ రోజుల్లో నాకు కాస్త గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు?

చేపలు ఎండబెట్టుకునే కరుణమ్మ తన ఐదేళ్ల కూతురు రూతును తీసుకొచ్చింది. పిల్ల హుషారైనదే గాని, ఎప్పుడూ చొంగ కారుతూ గౌను ముందుభాగమంతా తడిసి ఉండేది.

"పలకంతా తడిపేస్తా ఉండాదని అయ్యోరు బడి నించి పంపించేసినాడు సార్. చొంగ ఆగేదానికి ఏదన్నా మందు పోయండి" అంది.

డాక్టరు గారు పది రోజులకు బెల్లడోనా మిక్స్చర్ రాశారు. అదొక ఆకు సారం, నోట్లో లాలాజలం ఊరనివ్వదు. చేదుగా ఉంటుందని నేను చక్కెర పాకంలో కలిపి ఇచ్చాను. చొంగ ఆగింది. రూతు బడికి పోయింది. కరుణమ్మ మొహం చూడాలి ఆనాడు!

పది రోజులయ్యాక మందు ఆపితే చొంగ మళ్లీ మొదలైంది. కరుణమ్మ సీసా కడిగి తెచ్చింది. పోశాను. మళ్లీ తెచ్చింది, మళ్లీ పోశాను. ఇంతోటిదానికి డాక్టరు గారిని అడగడమేమిటి అనుకున్నాను. అట్లా ఏడాది కావచ్చింది.

"నోరు ఎండిపోతా ఉండాదని ఏడస్తాది సార్" అని ఒకసారి చెప్పింది.

"పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టమ్మా" అన్నాను. నా నోరు పడిపోను! పసిపిల్లల పళ్లను రోజంతా కడిగి కాపాడేది ఆ నోటి నీళ్లే. వాటిని ఆపింది నేను. ఆ ఎండిన నోట్లో తీపి పెట్టించిందీ నేనే.

పళ్లు పుచ్చి నల్లటి మొదళ్లు మిగిలాయి. ఒకరోజు దవడ కింద వాపుతో, కాలిపోయే జ్వరంతో, గుక్కెడు నీళ్లు మింగలేని స్థితిలో పిల్లను ఎత్తుకొచ్చింది. నేనే బస్సులో నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. చీము అప్పటికే మెడలోకి దిగింది. మూడో రోజు రూతు పోయింది.

అక్కడి డాక్టరు మందు సంగతి విని, "ఏడాది పాటు ఎవరు పోశారమ్మా ఇది?" అని గద్దించాడు. నేను నోరు విప్పేలోగా కరుణమ్మ ఏడుస్తూనే నన్ను చూపించింది.

"ఈ సారేనయ్యా. దేవుడట్టాంటోడు. ఎప్పుడడిగినా లేదనకుండా పోసినాడు. ఈయన్నేం అనబాకండి."

ఆ తర్వాత ఇరవై ఏళ్లు పనిచేశాను. మళ్లీ మందు పొయ్యమని ఎవరొచ్చినా, ముందు రోగిని డాక్టరుకు చూపించుకు రమ్మని కసిరి పంపేవాణ్ణి. ముక్కోపి కాంపౌండరని పేరు పడింది. పడనీ. మంచివాడన్న పేరు నాకు ఒకసారి వచ్చింది, అది చాలు.