నీల నిలబెట్టిన దుడ్డె

దుబాయిలో పనులు ఆగిపోయిన ఏడాది, కొడిమ్యాల దగ్గరి చిన్న ఊళ్లో నీలకు మిగిలిన ఆధారం రెండు బర్రెలు. భర్త సంజీవ్ కల్లుకు తాళ్లు గీసేవాడు. వానల్లేక తాళ్లు ఎండిపోయాక గల్ఫ్ వెళ్లాడు. ఇప్పుడక్కడ కంపెనీ మూతపడి, పాస్‌పోర్టు చేతికి రాక క్యాంపులో పడి ఉన్నాడు. ఇంట్లో నీల, అత్త బుచ్చవ్వ, బడికి పోయే కూతురు నవ్య.

తొలకరిలో పెద్ద బర్రె ఈనింది. వారం తిరక్కుండానే దాని పిల్లకు, ఆ దుడ్డెకు, తెల్లగా విరేచనాలయ్యే పారుడు రోగం పట్టుకుంది.

"పాలెక్కువై పారుతుంది. తల్లి దగ్గరికి పోనియ్యకు" అంది బుచ్చవ్వ.

పాలు మాన్పించారు. మూడోనాడు దుడ్డె చచ్చిపోయింది. పిల్ల కనబడక బర్రె పాలు చేపడం మానేసింది. పొదుగు కింద కూర్చుంటే కాలు విసిరేది.

మర్నాడే నీల కొడిమ్యాల పశువుల దవాఖానకు వెళ్లి డాక్టర్ మానస ముందు నిలబడింది.

"మేడం, నా దుడ్డె ఎందుకు సచ్చిందో చెప్పున్రి. ఇంకో బర్రె నెల దినాలల్ల ఈంతది. దాని పిల్లను సావనియ్య."

డాక్టర్ ఆమెను కూర్చోబెట్టి చెప్పింది. మురికి నుంచి క్రిములు పేగుల్లో చేరతాయి. పారుడుతో ఒంట్లో నీళ్లన్నీ పోతాయి. పైగా పాలు మాన్పితే ఉన్న బలమూ పోతుంది.

"ముర్రుపాలు ఎప్పుడు తాపిన్రు?"

"ఈనినంక మాయ పడేదాక ఆగి, తెల్లారి తాపినం."

"అంతసేపు ఆగొద్దమ్మా. పుట్టిన గంట రెండు గంటల్లనే తాపాలె."

నీల కొట్టం కడిగి సున్నం చల్లింది. పొడి గడ్డి పరిచింది. రెండో బర్రె మధ్యాహ్నం ఈనినప్పుడు బుచ్చవ్వ అడ్డం నిలబడింది.

"మాయ పడకముందు పాలిడిస్తే బర్రె పాణం మీదికస్తది, నీలా!"

"ఒకదాన్ని పోగొట్టుకున్నం గదత్తా. గీసారి నా మాట ఇను."

దుడ్డె కడుపునిండా తాగింది. సాయంత్రానికి మాయ దానంతటదే పడింది. అయినా తొమ్మిదోనాడు దీనికీ పారుడు మొదలైంది. మర్నాడు పొద్దునకల్లా కళ్లు లోపలికి పోయి, కాళ్లు చాపి పడుకుంది. నోట్లో వేలు పెడితే చల్లగా ఉంది, చీకడం లేదు. చీకనప్పుడు గొంతులో ఏదీ పొయ్యొద్దని, పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టర్ చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. దాన్ని సంచిలో చుట్టి, ఊళ్లో ఆటో నడిపే విఠల్ దగ్గరికి మోసుకెళ్లింది.

"బండంత ఖరాబైతదక్కా" అన్నాడు విఠల్.

"నేనే కడుగుత. నడు ముందుగాల."

దవాఖానలో నరానికి సెలైన్ ఎక్కించి, సూది వేశారు. "ఆశ పెట్టుకోకమ్మా" అన్నాడు అక్కడి అటెండర్. నీల దుడ్డె మెడ ఒళ్లో పెట్టుకుని, మాటిమాటికీ నోట్లో వేలు పెట్టి చూస్తూ కూర్చుంది. రెండో సీసా సగమయ్యేసరికి ఆ నాలుక మెల్లగా ఆమె వేలిని పట్టింది. నీలకు అప్పుడు ఏడుపొచ్చింది.

ఒంట్లో నీళ్లు నిలవడానికి డాక్టర్ ఇచ్చిన పొడి పొట్లాలను కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, పాలకూ పాలకూ మధ్య నాలుగు రోజులు తాగించింది. పాలు మాత్రం మాన్పలేదు. దుడ్డెను విడిగా కట్టి, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కుంది. రెండోనాటికే బుచ్చవ్వ అడక్కుండా నీళ్లు కాచిపెట్టింది. ఐదోనాడు దుడ్డె తల్లి పొదుగును తలతో కుమ్మింది. బర్రె చేపింది.

ఆ సంగతి చుట్టుపక్కల తెలిసింది. పారుడు పట్టిన దూడ ఉన్నవాళ్లు నీలను పిలవడం మొదలుపెట్టారు. చీకే దూడకు ఆ పొడి కలిపిన నీళ్లు తాగించేది. చీకని దూడను దవాఖానకు తీసుకెళ్లేది. రెండు బతకలేదు. ఆ ఇళ్లవాళ్లు నిష్ఠూరమాడినా మళ్లీ పిలిస్తే వెళ్లింది.

చివరికి పాస్‌పోర్టు చేతికొచ్చి, చలికాలంలో సంజీవ్ చేతిసంచితో ఇల్లు చేరాడు. ఇంట్లో బుచ్చవ్వ ఒక్కతే ఉంది.

"నీల ఏదే అవ్వా?"

"రాజమోళ్ల కొట్టంల ఉన్నది, దుడ్డెకు బాగలేదని పిలిచిండ్రు. కాళ్లు కడుక్కో బిడ్డా, బువ్వ పెడత" అంది బుచ్చవ్వ.

సంజీవ్ సంచి అరుగు మీద పెట్టి, రాజం ఇంటి వైపు నడిచాడు.