తెల్ల మొలకలు

చారల ఆకుల చంద్రకాంతను గింజతో పెంచడంలో ఒక తిప్పలుంది. ఒకే చెట్టు గింజలు మూడు రకాలుగా మొలుస్తాయి: పచ్చవి, తెల్లవి, చారలవి. పచ్చవి ఎవరూ కొనరు. తెల్లవాటి ఆకుల్లో పచ్చదనం లేదు కాబట్టి తిండి తయారుచేసుకోలేవు. గింజలో ఉన్నంత తిని, రెండు వారాల్లో చచ్చిపోతాయి. అమ్ముడుపోయేవి చారలవే.

ఒక వేసవి చివర, కోరుట్లలో మా ఇంటి వెనక, నల్ల కవర్లలో అరవై గింజలు పెట్టాను. యాభై నాలుగు మొలిచాయి. పచ్చవి ఇరవై, తెల్లవి పదిహేను, చారలవి పంతొమ్మిది. నోటుబుక్కులో రాసుకున్నాను.

నీళ్లు పట్టడానికి ఒకామె వచ్చేది. సిరిసిల్లలో సాంచెల మీంచి, అంటే మరమగ్గాల మీంచి, దిగిన బట్టను పరిచి మరకలు వెతకడం అంతకుముందు ఆమె పని. సాంచెలు ఆగిపోయాక మగడు దుబాయి పోయాడు. నాలుగు నెలలుగా ఫోను లేదు. ఇక్కడ అక్క ఇంట్లో ఉంటోంది. పని ఉన్నన్నాళ్లే ఉండమని అక్క చెప్పిందట.

ఒక సోమవారం జగిత్యాల బస్సుకు బయల్దేరుతూ, "పనికిరానియి పీకెయ్" అన్నాను. ఏవి పనికిరావో చెప్పలేదు.

సాయంత్రం వచ్చేసరికి తెల్లవి ఒక వరుస, పచ్చవి ఒక వరుస. చారల మొలకలు పంతొమ్మిదీ గోడ పక్కన వాడిపోయి పడున్నాయి.

"మచ్చలు వడ్డయన్ని తీసేసినమ్మా. తెల్లయి ఎంత సాఫుగున్నయో సూడు."

"సాంచె బట్ట అనుకున్నవా? నీ చేతుల వడ్డదేది దక్కది. నీ మొగడు గందుకే ఫోన్ జేస్తలేడు."

ఆమె ఏడవలేదు. "పని తీసెయ్యకమ్మా. అక్క ఎల్లగొడ్తది" అంది.

అప్పుడే పనిలోంచి పంపేయొచ్చు. పంపలేదు. "గీ తెల్లయి పదిహేను ఉన్నయి గదా. నెల నిండేదాంక ఒక్కటి బతికున్నా నీ పని నీకే" అన్నాను.

"ఒక్కటేంది, పదిహేను బతికిస్త."

మరునాటి నుంచి ఆరింటికే వచ్చేది. పాత చీర చింపి వాటికి నీడ కట్టింది. మేకల ఎరువు పొడి చేసి తెచ్చింది. కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది. నేను పీట మీద కూర్చుని చాయ్ తాగుతూ లెక్క రాసేదాన్ని. ఐదో రోజుకు పద్నాలుగు, ఎనిమిదో రోజుకు తొమ్మిది, పదో రోజుకు మూడు.

"ఏం తక్కువైతుందమ్మా?"

"నువ్వే సూస్తున్నవు గదా."

చెప్పడానికి ఒక్క మాట చాలు. రాగానే ఆమె కవర్ల వైపు చూసే చూపు కోసం నేనూ పెందలాడే లేచేదాన్ని.

పన్నెండో రోజు ఆఖరిది ఒరిగింది. పుల్ల ఊతమిచ్చి నిలబెట్టబోతే కాడ ఆమె వేళ్ల మధ్యే నలిగిపోయింది.

"నీకు ముందుగాల్నే ఎర్కనా అమ్మా?"

"ఎర్కే."

ఆమె లేచి చేతులు కడుక్కుంది.

"సాంచెల సేటు గూడ నన్ను గిన్ని దినాలు ఆడించలే. బందైందని ఒక్క మాట జెప్పి తాళమేసిండు."

అక్క ఇంటివైపు కాకుండా బస్టాండు వైపు నడిచింది.