సోల నిండని పంచదార

కేకు కాలే వాసన వస్తే నరసరావుపేటలో మా చిన్నప్పటి క్రిస్మసు గుర్తొస్తుంది. మా అమ్మకి మిషను దొరసాని కేకు చెయ్యడం తూకాల్లో చెప్పింది. మా ఇంట్లో కొలవడానికి ఉన్న గిన్నె సోల ఒక్కటే. అందుకని అమ్మ నన్ను వెంటబెట్టుకుని శెట్టి కొట్టుకెళ్లి, పిండీ పంచదారా ఒకే తూకం వేయించి, సోలలో పోసి చూసింది. పిండి పొర్లిపోయింది. పంచదారకి సోల నిండనే లేదు.

"శెట్టి తాత మోసం చేశాడమ్మా!" అన్నాను.

ఆయన నవ్వి, రెండిటినీ తక్కెడలో చెరోవైపు పెట్టాడు. తక్కెడ సమంగా నిలబడింది.

"ఇదేందమ్మా?"

"నాకూ తెలవదే. ఉప్పు పోసి చూద్దామా?" అంది అమ్మ.

ఉప్పు అయ్యాక తవుడు, ఆ తర్వాత కారం. అవన్నీ కేకులో పడతాయనుకుని హడలిపోయాను. అమ్మ ఆడుకుంటోందని నాకు తట్టనే లేదు. అప్పటికి తనకి ఇరవై దాటాయో లేదో.